చెల్లి పేరు వెతికితే

పోయినవారం మనం అక్కని ఆఫీసు మెట్ల మీద వదిలేశాం. చేతిలో నలిగిపోయిన పాంప్లెట్, కళ్ళల్లో నిప్పులు. ఎందుకో మరిచిపోయినవాళ్ళకు, ఇవాళే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. అక్క ఒక వార్తల వెబ్‌సైటులో చీఫ్ సబ్ ఎడిటర్. చెల్లి పసిపిల్లల డే కేర్ నడిపేది. మూడేళ్ళ కిందట అక్కడ ఒక పిల్లవాడు నిద్రలోంచి ఎంతకీ లేవలేదు. పిల్లలు ఏడవకుండా చెల్లి నిద్రమందు పట్టిస్తోందని వాడి తండ్రి కేసు పెట్టాడు, పోలీసులు చెల్లిని తీసుకెళ్ళారు. తీరా వాడు ఆస్పత్రిలో కోలుకున్నాక తేలిందేమిటి? వాడు పొద్దున్నే ఇంట్లో తాతగారి నిద్రమాత్రలు చప్పరించి వచ్చాడు. కేసు కొట్టేశారు. కొట్టేసినా చెల్లి ఇన్నాళ్ళూ తలుపేసుకునే కూర్చుంది. ఎట్టకేలకు ధైర్యం కూడగట్టుకుని, ఊళ్ళో పాంప్లెట్లు పంచి, మళ్ళీ బోర్డు పెట్టింది. పెట్టిందో లేదో, ఇవాళ పొద్దున బ్యాంకులో పనిచేసే ఒక తల్లి తన పాపను చంకనేసుకుని వెళ్ళిపోయింది. పోతూ పోతూ ఫోను చూపించింది. "చంటిపిల్లలకు నిద్రమందు: డే కేర్ నిర్వాహకురాలి అరెస్టు." కింద ఇవాళ్టి తేదీ. సైటు ఎవరిదో చెప్పాలా? అక్క పనిచేసే సైటే.

"నన్ను మళ్ళీ అరెస్టు చేశారా అక్కా?" అని అడిగింది చెల్లి. వెటకారానికి అడిగి ఉంటే అక్క తట్టుకునేది. ఆ పిల్ల నిజంగానే అడిగింది.

అక్కకు మింగుడుపడని ముక్క ఇంకొకటి ఉంది. ఆ తల్లి గుమ్మం దాటుతూ, "ఎక్కడో వెతికి చూడలేదండీ, మీరిచ్చిన కాగితంలోంచే చూశాను" అంది. అదేం మాటో అక్కకూ అర్థం కాలేదు, చెల్లికీ అర్థం కాలేదు.

సరే, మెట్లెక్కుదాం.

అక్క కార్డు తలుపు దగ్గర పనిచేయలేదు. రెండోసారి పెట్టింది, మూడోసారి పెట్టింది, ఆ తరువాత అద్దాన్ని అరచేత్తో బాదింది. లోపలున్నవాళ్ళు ఉలిక్కిపడి తీశారు. పొడవాటి హాలు, వరసగా కంప్యూటర్లు, వాటి ముందు మెడలు వంచుకుని పిల్లలు. పిల్లలంటే చదువులు పూర్తయినవాళ్ళే. గోడ నిండా పెద్ద స్క్రీన్. దాని మీద ఎడమపక్క మన పేజీలు, కుడిపక్క పక్కవాళ్ళవి. పక్కవాళ్ళంటే పోటీ సైటు. వాళ్ళ ఆఫీసు ఎక్కడో ఉంది, అయినా ఈ హాల్లో అందరూ వాళ్ళను గోడవతల కాపురమున్న శత్రువుల్లాగే మాట్లాడతారు. పైకి వెళ్ళే పేజీకి ఆకుపచ్చ బాణం, కిందపడేదానికి ఎర్ర బాణం. ఆ బాణాల్ని చూస్తూ ఇక్కడ కొందరు అన్నం తినడం కూడా మరిచిపోతారు.

జనం ఏం వెతుకుతున్నారో అది రాయడం ఇక్కడి పని. ఏం జరిగిందో రాయడం తరువాతి సంగతి. "రేపు సెలవా? పూర్తి వివరాలు" అని ఒక పేజీ ఉంది. చదివి చూడండి. సెలవులంటే ఏమిటో, సెలవులు ఎవరిస్తారో, సెలవు రోజున పిల్లలు ఏం చేయవచ్చో అన్నీ ఉంటాయి. రేపు సెలవో కాదో మాత్రం ఉండదు. ఆ పేజీ ప్రతి వానాకాలం మొదటి స్థానంలో నిలబడుతుంది. నిలబెట్టే మహానుభావుడు ర్యాంకు మామ.

ర్యాంకు మామ అసలు పాతకాలపు పత్రికల్లో పేజీలు పేర్చిన మనిషి. బట్టతల, మెడలో కళ్ళజోడు తాడు, పక్కన వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, అందరినీ అమ్మడూ, నాయనా అంటాడు. సెర్చ్ ఇంజన్ని మాత్రం "పెద్దాయన" అంటాడు. పెద్దాయనకి కోపం వచ్చింది, పెద్దాయనకి నచ్చింది, పెద్దాయన ఇవాళ ఎందుకో మనవైపు చూడటంలేదు. ఆఫీసంతా ఆ మాటే పట్టుకుంది.

"మామా, ఈ పేజీకి ఇవాళ్టి తేదీ ఎవరు వేశారు?" అక్క ఫోను అతని ముక్కు కింద పెట్టింది.

మామ ఫోను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. మొహం వెలిగిపోయింది. "ఓ, ఇదా! భలే లేచిందమ్మడూ! ఏ మూలనో పడుండేది. పొద్దుట్నుంచి ఒకటే పాకుడు పైకి."

"తేదీ ఎవరు వేశారని అడుగుతున్నా."

"ఒకరు వేయడమేమిటి? దానంతటదే పడుతుంది. పాత పేజీ కోసం జనం వెతకడం మొదలెడితే మన సిస్టమ్ పసిగట్టేస్తుంది. తేదీ మార్చి, పైన ఒక లైను తగిలిస్తుంది. పెద్దాయనకి తాజా సరుకు కావాలి కదా."

"అరెస్టయి మూడేళ్ళయింది మామా. ఇవాళ అరెస్టయినట్టుంది ఇక్కడ!"

"లోపల చదివితే తెలుస్తుందిలే."

"లోపల ఎవడు చదువుతాడు?"

మామ నవ్వాడు. ఎవరూ చదవరని అతనికన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ హాల్లో లేరు.

"ఇప్పుడెందుకు వెతుకుతున్నారు జనం?"

"ఆవిడెవరో మళ్ళీ తెరిచిందటమ్మా. బోర్డు పెట్టింది, కాగితాలు పంచింది. కన్నవాళ్ళు పిల్లల్ని దింపేముందు పేరు కొట్టి చూసుకుంటారు కదా పాపం."

అక్కకు వరస అర్థమైంది. చెల్లి బోర్డు పెట్టింది కాబట్టి జనం వెతికారు. జనం వెతికారు కాబట్టి పేజీ లేచింది. చెల్లి ధైర్యం తెచ్చుకుని తలుపు తీయడమే దాని కొంప ముంచింది. ఆ పాంప్లెట్లకు రంగులు ఎంచింది తానే. ఇద్దరూ నేల మీద కూర్చుని, పసుపా నీలమా అని వాదించుకుని మరీ ఎంచారు.

"సరే. ఆవిడ తప్పేమీ లేదని తేలాక మనమే ఇంకో వార్త వేశాం. ఏదది?"

"ఆ రెండోదా? కలిపేశాను."

"కలిపేశావా? అంటే?"

"ఒకే పేరు మీద మనవే రెండు పేజీలమ్మడూ. ఒకదాన్నొకటి తొక్కేసుకునేవి. ఏది పైన పెట్టాలో తేలక పెద్దాయన రెండింటినీ కిందికి తోసి పక్కవాళ్ళది నెత్తిన పెట్టుకునేవాడు. అందుకని బలమున్నదాన్ని ఉంచి, బలంలేనిదాన్ని అందులో కలిపేశాను. ఇప్పుడు ఆ రెండోదాని లింకు నొక్కినా ఇక్కడికే వస్తారు." మామ చేత్తో చేటలో బియ్యం చెరిగినట్టు చూపించాడు. చక్కగా ఇల్లు సర్దినవాడి తృప్తి ఉంది ఆ మొహంలో.

అక్క చేతిలోని పాంప్లెట్ విప్పింది. పసుపు కాగితం. పైన బొమ్మ గుర్రం, కింద ఒక మూల, ఆ రెండో వార్తకు వెళ్ళే క్యూఆర్ కోడ్. దాని పక్కన చెల్లి రాసుకున్న మాటలు: "మా గురించి నిజం ఇక్కడ చదవండి."

ఆ కోడ్ మీద అక్క ఫోను పెట్టింది. నలిగిన కాగితాన్ని రెండుసార్లు సాపు చేయాల్సి వచ్చింది. మూడోసారి పేజీ తెరుచుకుంది. చంటిపిల్లలకు నిద్రమందు: డే కేర్ నిర్వాహకురాలి అరెస్టు.

మీరిచ్చిన కాగితంలోంచే చూశాను.

ఓరి దేవుడా! చెల్లి ఇన్ని రోజులూ వీధి వీధీ తిరిగి, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, నవ్వు మొహంతో తన అరెస్టు వార్తను తానే పంచిపెట్టింది. బట్టల కొట్టు దగ్గర, మందుల షాపు దగ్గర, ఆస్పత్రిలో టీకాల వరసలో నిలబడ్డ తల్లుల చేతుల్లో. ఒకామె కాగితాన్ని ఉండచుట్టి పారేస్తే, దాన్ని తీసి సాపు చేసి ఇంకొకరికి ఇచ్చిందట. ఆ మాట నవ్వుతూ చెప్పింది కూడా. అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కలిపేవాడివి దీన్ని దాంట్లో కలపకూడదా? ఆవిడ నిర్దోషి అన్నదాన్ని ఉంచి, అరెస్టుని అందులో పడేయొచ్చు కదా!"

"ఎలాగమ్మా? అరెస్టుకి వెతికినంతమంది విడుదలకి వెతకరు. బలం ఎప్పుడూ అరెస్టుదే." మామ ఇంకా సముదాయింపుగానే చెబుతున్నాడు. "అలాగని రెండోదాన్ని పోగొట్టానా? లేదే. ఆవిడ తరఫువాళ్ళు దాన్ని బాగా పంచుకున్నారు. లింకులెక్కువుంటే పెద్దాయన పైకి లేపుతాడు, ఆ బలమంతా తెచ్చి దీనికే పోశాను. చూడు, అందుకే ఎలా లేచిందో."

ఆ మాటతో అక్క గొంతు హాలంతా వినిపించింది. "సిగ్గుండాలి మామా! ఆవిడ మంచిది అని చెప్పినవాళ్ళ బలం తీసుకొచ్చి, ఆవిడ నేరం చేసింది అనేదానికి పోస్తావా? నువ్వు అన్నమే తింటున్నావా?"

మెడలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. మామ చేతిలో ఫ్లాస్కు మూత అలాగే ఉండిపోయింది. అతన్ని ఎవరూ ఎప్పుడూ అలా అనలేదు.

"ఇలాంటివి ఎన్ని కలిపావు?"

"ఎన్నా? అబ్బో..." అని మొదలుపెట్టి మామ ఆగిపోయాడు. ఏదో లోపల లెక్కకొచ్చినట్టు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అరెస్టయి బయటపడ్డవాళ్ళవి అన్నీ అంతేనమ్మా. పద్ధతి అదే కదా."

ఇంకేం వింటుంది? అక్క విసవిసా ఎడిటర్ గారి గదిలోకి నడిచింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మామ వెనకాలే వచ్చాడు.

ఎడిటర్ గారు కమలాపండు ఒలుచుకుంటున్నారు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. తొక్క కూడా తెగకుండా ఒలుస్తారు, ఒకే చుట్టగా. అక్క చెప్పిందంతా ఆయన అడ్డురాకుండా విన్నారు. వింటూ తొనల మీది పీచు తీసి, ఒక్కొక్కటే కాగితం మీద పేర్చారు.

"తప్పే. కాదనను. కానీ ఇప్పుడు తీసేస్తే ఏమవుతుందో ఆలోచించారా? ఆ స్థానం ఖాళీగా ఉండదు. పక్కవాళ్ళది వచ్చి కూర్చుంటుంది. వాళ్ళ దాంట్లో ఆవిడని పోలీసు జీపు ఎక్కిస్తున్న ఫొటో ఉంది. మనదే కాస్త మర్యాదగా ఉంది. ఒకరకంగా మనం ఆవిడకి మేలే చేస్తున్నాం."

"మేలా! రోజూ పొద్దున్నే అరెస్టు చేసి మేలు చేస్తున్నారా?"

"కోపం వద్దు. ఒక్క పేజీ మారిస్తే రేపు అందరూ వస్తారు మావీ మార్చండని. అయినా మీరెందుకింత..." ఆయన తొన నోట్లో పెట్టుకుని అక్కవైపు చూశారు. "మీకు తెలిసినావిడా?"

ఆ ప్రశ్న కోసం అక్క మూడేళ్ళుగా భయపడుతోంది. ఈ ఆఫీసులో ఒక్కరికీ తెలియదు ఆ డే కేర్ ఆవిడ తన తోడబుట్టినదని. ఇంటిపేర్లు వేరు, ఊళ్ళో ఉండేది ఆ చివరొకరు ఈ చివరొకరు. నిర్దోషి అన్న వార్త క్రైమ్ రిపోర్టరు తనంతట తాను కనుక్కుని రాశాడు. అది వస్తున్న రోజున అక్క కావాలనే సెలవు పెట్టింది, ఒక్క కామాకు కూడా తన చెయ్యి తగలకూడదని. ఆ వార్తంటే చెల్లికి ప్రాణం. కావలసినవాళ్ళు మంచిదంటే ఏముంది, ముక్కూ మొహం తెలియని పరాయివాళ్ళు వెతికి మరీ తన తప్పు లేదన్నారు. ఆ మాట తలుచుకునే అది మళ్ళీ తలుపు తీసింది. కాబట్టి అక్క ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని కూర్చుంది. కానీ కడుపు మండినప్పుడు నోరు ఆగుతుందా?

"నా చెల్లెలండీ! నా సొంత చెల్లెలు!"

మామ పక్కనున్న కుర్చీ పట్టుకున్నాడు. ఎడిటర్ గారి చెయ్యి తొన దగ్గర ఆగింది. ఆయన అక్కను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. తరువాత చేతులు తుడుచుకున్నారు, ఫోను తీసుకున్నారు.

"ఒక్క నిమిషం. కూర్చోండి. మంచినీళ్ళు తాగండి." తలుపు నెమ్మదిగా వేసుకుంటూ బయటికి వెళ్ళారు.

అక్క కూర్చోలేదు. మామ చంకలోంచి ల్యాప్‌టాప్ లాక్కుని, ఎడిటర్ గారి టేబుల్ మీద కమలా తొక్క పక్కకు నెట్టి తెరిచింది. తన పాస్‌వర్డ్ కొట్టింది.

"ఏం చేస్తున్నావమ్మడూ?"

"హెడ్డింగు దిద్దుతున్నా. చీఫ్ సబ్‌ని. అది నా ఉద్యోగం."

"ఎడిటర్ గారు రానీ..."

"వచ్చేలోపు అయిపోతుంది."

పేజీని తీసేయలేదు అక్క. తీసేస్తే పక్కవాళ్ళది వచ్చి కూర్చుంటుంది, ఆ మాట మటుకు నిజమే. ఎక్కి కూర్చున్న ఆ పేజీనే పట్టుకుంది. అరెస్టు అన్న హెడ్డింగు కొట్టేసింది. "డే కేర్ నిర్వాహకురాలి తప్పు లేదు: మూడేళ్ళ కిందటే తేలిన నిజం" అని పెట్టింది. కింద క్రైమ్ రిపోర్టరు రాసిన పాత వార్త పాతర వేసిన చోటు నుంచి తవ్వి తెచ్చి, అక్షరం మార్చకుండా అతికించింది. ఆఖరున ఒక లైను తనది: "పాత అరెస్టు వార్త కొత్త తేదీతో కనిపించడం మా తప్పు. ఆమెకు, పాఠకులకు మా క్షమాపణ." నొక్కింది.

"పేజీ పడిపోతుందేమో" అన్నాడు మామ, ఎటో చూస్తూ.

"పడిపోనీ. నువ్వూ నీ పెద్దాయనా కలిసి లేపుకోండి."

పడలేదు. అద్దంలోంచి హాల్లో స్క్రీన్ కనిపిస్తోంది. కొత్త హెడ్డింగు, పాత స్థానం, అదే మొదటి వరస. చెల్లి పేరు కొట్టి చూసింది అక్క. తప్పు లేదు, తప్పు లేదు అని కనిపిస్తోంది. పసుపు కాగితం మీది కోడ్ కూడా అక్కడికే వెళ్తోంది. అప్పుడు కూర్చుంది కుర్చీలో. మామ తన ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు వంచి ఆమె ముందు పెట్టాడు. "తిట్టావు. తిట్టాల్సిందే" అన్నాడు మెల్లగా. "మిగతావి కూడా విప్పదీద్దాం. చూపిస్తా, రా."

నన్నడిగితే ఇక్కడ ఆపేస్తాను. ఇద్దరు మనుషులు, ఒక గ్లాసు వేణ్ణీళ్ళు, సరిదిద్దుకున్న తప్పు. కానీ ఈ వ్యాపారంలో స్క్రీన్ ఎవరి కోసమూ ఆగదు.

కుడిపక్క, పక్కవాళ్ళ వైపు, ఒక ఆకుపచ్చ బాణం మొలిచింది. ముందు హాల్లో ఎవరో "అరె!" అన్నారు. తరువాత అందరూ గదివైపు తిరిగి, అక్కతో కళ్ళు కలవగానే తలలు దించుకున్నారు. అక్క లేచి అద్దం దగ్గరికి వెళ్ళింది.

"నిద్రమందు కేసు: చెల్లిని కాపాడేందుకు వార్తనే మార్చేసిన అక్క!"

పేజీ కొత్తది. కింద అక్క పేరుంది, ఆమె ఉద్యోగం ఉంది, ఆఫీసు పేరుంది. చూస్తుండగానే బాణం రెండు మెట్లెక్కి, అక్క పేజీని కిందికి నెట్టి మొదటి స్థానంలో కూర్చుంది. అక్క రాసిన ప్రతి మాటా నిజమే. ఇప్పుడు ఆ నిజాన్ని ఎవరు నమ్ముతారు? అక్క రాసింది కదా!

"వాళ్ళకెవరు చెప్పారు?" అక్క మామవైపు తిరిగింది. "నేను నోరు విప్పింది ఈ గదిలో. విన్నది మీరిద్దరు."

"నా పిల్లల మీద ఒట్టు, నేను కదల్లేదమ్మా ఇక్కణ్ణుంచి!" అన్నాడు మామ. అది నిజమే. కదలలేదు.

తలుపు తెరుచుకుంది. ఎడిటర్ గారు వచ్చి తన కుర్చీలో కూర్చుని, టేబుల్ చివరికి జరిగిపోయిన తొనల్ని మళ్ళీ దగ్గరికి తీసుకున్నారు. స్క్రీన్ వైపు చూడను కూడా చూడలేదు.

"హెడ్డింగు మార్చారుగా. పోనీలెండి, మంచిదే అయింది" అన్నారు. "ఇప్పుడు జనం మీ ఇద్దరి కోసమే వెతుకుతారు. పక్కవాళ్ళు ఒకవైపు మాట రాశారు, రెండోవైపు మాట మన దగ్గర తప్ప ఎక్కడ దొరుకుతుంది? మీరే రాయండి. అక్కాచెల్లెళ్ళ కన్నీటి కథ. చిన్నప్పటి ఫొటో ఒకటి ఉంటుందిగా ఇంట్లో?"

అక్కకు ఆ కమలా తొనలన్నీ ఎత్తి ఆయన మొహాన కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. అప్పుడే ఫోను మోగింది. చెల్లి.

"అక్కా." చెల్లి ఏడవడంలేదు. ఏడ్చినా బాగుండేది. "ఇప్పుడే చూశాను. ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. అప్పట్లో నా తప్పు లేదని వచ్చిన వార్త... అది కూడా నువ్వే రాయించావా?"

"కాదే! నా మీద ఒట్టు, కాదే పిచ్చిదానా! ఆ రోజు నేను ఆఫీసుకే రాలేదు."

చెల్లి వెనకాల ఎవరి పిల్లో పాట పాడుకుంటోంది, మిగిలిన పిల్లల్లో ఒకతె. నమ్మిందో లేదో చెల్లి చెప్పలేదు.

"సరేలే. గేటు దగ్గర ఎవరో కెమెరాతో నిలబడి ఉన్నారక్కా. మీ ఆఫీసువాళ్ళమంటున్నారు, కార్డు కూడా చూపించారు. నువ్వే పంపావన్నారు."

అక్క తల తిప్పి ఎడిటర్ గారిని చూసింది. ఇక్కడినుంచి చెల్లి ఇల్లు ఊరికి ఆ చివర. కారులో వెళ్ళినా గంట పడుతుంది. పక్కవాళ్ళ పేజీ వచ్చి ఇంకా పావుగంట కాలేదు. అంటే, ఆయన "మీకు తెలిసినావిడా?" అని అడగకముందే వాళ్ళు బయల్దేరారు.

ఆయన ఆఖరి తొన నోట్లో వేసుకుని, చేతులు తుడుచుకుంటున్నారు.

"మీవాళ్ళే కదా అక్కా" అంది చెల్లి. "తలుపు తీయనా?"